వోల్గా తీరపు మంగోలులు: కల్మీకియాలో ఒక వసంతం

శనివారం, వోల్గోగ్రాడ్ నుండి ఎలిస్తాకు

వోల్గోగ్రాడ్ దక్షిణ శివార్లలో వోల్గా–డాన్ కాలువ దాటిన తరువాత చెట్లు పలచబడుతూ వచ్చి, గంటసేపటికి దాదాపు కనిపించకుండా పోయాయి. అక్కడి నుండి, నైరుతి రష్యాలోని కల్మీకియా రిపబ్లిక్ రాజధాని ఎలిస్తా వరకు, సుమారు 300 కిలోమీటర్ల దారి పొడవునా, కంటికి ఆనేది గడ్డి ఒక్కటే. ఏప్రిల్ నెల కావడం వల్ల అది ఇంకా పచ్చగా ఉంది. జూన్ వచ్చేసరికి ఇదంతా ఎండిపోయి గోధుమరంగుకు తిరుగుతుందని కారు నడుపుతున్న పెద్దమనిషి చెప్పారు. వోల్గోగ్రాడ్‌లో వైద్యవిద్య చదువుతున్న మా మేనల్లుడు ఆయన రష్యన్ మాటలను నాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. ఈ ప్రయాణంలో దుబాసి పని పూర్తిగా వాడిదే.

డ్రైవరు కల్మీకు. ఏ ఊరివారని అడిగితే ముందు ఊరి పేరు కాక, "నేను దోర్బెత్‌ని" అని తన తెగ పేరు చెప్పారు. తొర్గూత్, దోర్బెత్, ఖొషూత్ అనేవి కల్మీకుల ప్రధాన శాఖలు. డాన్ నది వైపు కొసాక్కుల సైన్యంలో కలిసిపోయిన కల్మీకులను బుజావ అంటారు. వీరందరి పూర్వీకులు ఓయిరాతులు, అంటే అల్తాయ్ పర్వతాల చుట్టుపక్కల, జుంగారియా మైదానాలలో తిరుగాడిన పశ్చిమ మంగోలులు. చెంగిజ్ ఖాన్ కాలంలో ఆయనకు లోబడినప్పటికీ, ఓయిరాతులు తరువాతి శతాబ్దాలలో తూర్పు మంగోలులతో సమఉజ్జీలుగా పోరాడినవారే తప్ప వారి నీడలో ఒదిగి ఉన్నవారు కారు.

17వ శతాబ్దం తొలి దశకాలలో పచ్చిక బయళ్ల కోసం జరిగిన పోటీ, నాయకుల మధ్య రేగిన అంతఃకలహాలు తొర్గూత్ నాయకుడు ఖో ఓర్లోక్‌ను పడమరకు కదిలించాయి. గుడారాలు, మందలు, ఆడవాళ్లు, పిల్లలతో సహా కదిలిన ఆ జనం దక్షిణ సైబీరియా అంచుల మీదుగా ఏళ్ల తరబడి నడిచి, 1630ల నాటికి దిగువ వోల్గా ప్రాంతానికి చేరి, అప్పటికే అక్కడ పశువులు మేపుకుంటున్న నొగాయ్‌లను పక్కకు నెట్టి స్థిరపడింది. ఇది దండయాత్రా, వలసా అనే ప్రశ్న చరిత్రకారులను బాధించవచ్చు గాని, పశుపోషకుల దృష్టిలో ఆ రెండింటి మధ్య పెద్ద తేడా ఉండదని నాకు అనిపిస్తుంది. ఖో ఓర్లోక్ మునిమనుమడు అయూకా ఖాన్ ఈ జనాన్ని ఒక బలమైన రాజ్యంగా నిలబెట్టాడు. 1690లో లాసా నుండి ఖాన్ బిరుదు పొందినవాడు ఆయనే. 1722లో సరాతోవ్ వద్ద పీటర్ చక్రవర్తి తన నౌకపైకి ఆహ్వానించి గౌరవించినదీ ఆయననే.

మధ్యాహ్నం మాలియె దెర్బెతి అనే ఊరిలో భోజనానికి ఆగాము. రష్యన్ కవి వెలిమీర్ ఖ్లెబ్నికోవ్ పుట్టినది ఈ పరిసరాలలోనే. భోజనశాలలో మాంసపు కుడుములు, ఉప్పు వేసిన పాల టీ దొరికాయి. ఆ టీ గురించి తరువాత చెబుతాను, ఎందుకంటే దాన్ని అసలైన రీతిలో రుచి చూసినది బుధవారం నాడు.

ఆదివారం, ఎలిస్తా

ఎలిస్తా 1865లో వెలసిన చిన్న నగరం. జనాభా ఒక లక్షకు కాస్త అటూ ఇటూ. నగరం నడిబొడ్డున లెనిన్ విగ్రహం ఉన్న చౌకులోనే ఏడు అంతస్తుల పగోడా ఉంది. దానిలోపల మంత్రాక్షరాలు చెక్కిన పెద్ద ప్రార్థనాచక్రాన్ని, ఆఫీసుకు వెళ్లేవారు, బడి పిల్లలు, చేతిలో కూరగాయల సంచులున్న అమ్మలు దారిన పోతూ ఒకసారి తిప్పి పోతుంటారు. లెనిన్‌ను కూల్చకుండా, బుద్ధుణ్ణి వదులుకోకుండా నడుస్తున్న ఈ ఊరి సర్దుబాటు నాకు నచ్చింది.

అక్కడికి దగ్గరలోనే "బుర్ఖన్ బగ్షిన్ అల్తన్ సుమె", అంటే శాక్యముని బంగారు ఆలయం. 2004 నవంబరులో దలైలామా వచ్చి స్థలాన్ని పవిత్రం చేయగా, ఆ మరుసటి ఏడాది డిసెంబరు 27న ఆలయం తెరుచుకుంది. ఎత్తు 63 మీటర్లు. లోపల తొమ్మిది మీటర్ల బుద్ధ విగ్రహం. ప్రహరీ పొడవునా 108 తెల్లని స్తూపాలు. ఇంత కట్టడం ఏడాదిలోపు లేచింది. డిసెంబరు 27 అనే తేదీ యాదృచ్ఛికం కాదు. 1943లో అదే తేదీన కల్మీకుల రిపబ్లిక్‌ను రద్దు చేస్తూ మాస్కో ఉత్తర్వు వెలువడింది.

ఆలయం చుట్టూ మండపాలలో నలందాకు చెందిన పదిహేడు మంది పండితుల విగ్రహాలు ఉన్నాయి. ఆర్యదేవుడు, అసంగుడు, వసుబంధుడు, దిఙ్నాగుడు, ధర్మకీర్తి, అందరికంటే ముందు నాగార్జునుడు. మేనల్లుడు ఫలకం మీది పేరును రష్యన్ అక్షరాలలో కూడబలుక్కుని చదివి, "మామయ్యా, ఈయన మన సాగర్ నాగార్జునుడేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆచార్యుని జీవితంలోని చివరి భాగాన్ని సంప్రదాయం శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. కృష్ణా తీరాన ఉన్న ఆ కొండ పేరే నాగార్జునకొండ అయింది. మన జలాశయం ఒడ్డున ఆయనను ఎక్కువగా పర్యాటకులే తలచుకుంటారు. ఇక్కడ, ఐరోపా గడ్డిమైదానంలో, ఇద్దరు ముసలమ్మలు ఆయన ముందు ఆగి నుదుటికి చేతులు తాకించుకుని వెళ్లారు. ఆయన శూన్యవాదం నేరుగా ఇక్కడికి రాలేదు. నలందా నుండి టిబెట్‌కు, టిబెట్ నుండి 16, 17 శతాబ్దాలలో మంగోలులకు, వారి గుడారాలతో పాటు వోల్గాకు చేరింది. కల్మీకులు దలైలామా అనుసరించే టిబెట్ గెలుగ్ సంప్రదాయానికి చెందినవారు. ఐరోపాలో బౌద్ధులు ప్రధాన సముదాయంగా ఉన్న ప్రాంతం ఇదొక్కటే.

సోవియట్ కాలం ముగిశాక ఇక్కడ జరిగిన బౌద్ధ పునరుద్ధరణకు 1992 నుండి నాయకత్వం వహించిన తేలో తుల్కు రింపోచే ఫిలడెల్ఫియాలో పుట్టిన కల్మీకు. రష్యా అంతర్యుద్ధంలో బోల్షెవిక్కులను ఎదిరించిన శ్వేతసైన్యం పక్షాన నిలిచి ఓడిన డాన్ కల్మీకులలో కొందరు 1920లో దేశం విడిచి, కొంతకాలం బెల్‌గ్రేడ్ వంటి నగరాలలో తలదాచుకుని, రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా చేరారు. ఆయన పుట్టినది అటువంటి ప్రవాసుల కుటుంబంలోనే. చిన్నతనంలోనే ఆయనను మన కర్ణాటకలోని ద్రేపుంగ్ గోమాంగ్ మఠానికి చదువుకు పంపారు. ఉక్రెయిన్‌పై యుద్ధాన్ని తప్పుపట్టిన తరువాత, 2023 జనవరిలో రష్యా ప్రభుత్వం ఆయనను "విదేశీ ఏజెంటు"గా ప్రకటించగా, ఆయన పదవి నుండి తప్పుకున్నారు. ఆలయంలో ఈ సంగతి ఎత్తితే జవాబు రాలేదు. నేనూ రెట్టించలేదు.

సోమవారం, నిర్గమనం, పునరాగమనం

నగరానికి ఒక పక్కన ఉన్న మట్టిదిబ్బ మీద శిల్పి ఎర్న్‌స్త్ నెయిజ్‌వెస్త్నీ రూపొందించిన కంచు స్మారకం ఉంది. 1996 డిసెంబరులో ఆవిష్కరించిన దీనికి "నిర్గమనం, పునరాగమనం" అని పేరు. దగ్గరలోనే రైలు పట్టాల ముక్క, దానిమీద ఒక సరుకుల పెట్టె. ఆ పెట్టె ముందు నిలబడితే చాలు, మిగిలిన కథ ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఇక్కడ ప్రతివారూ చెబుతారు.

1943 డిసెంబరు 28 తెల్లవారుజామున సైనికులు ఇల్లిల్లూ తలుపు కొట్టారు. జర్మన్లు 1942 ఆగస్టు నుండి డిసెంబరు వరకు ఎలిస్తాను ఆక్రమించినప్పుడు కొందరు కల్మీకులు వారితో చేతులు కలిపారన్నది ఆరోపణ. జర్మన్ల పక్షాన ఒక కల్మీకు అశ్వికదళం ఏర్పడిన మాట నిజమే. ఎర్రసైన్యంలో వేల మంది కల్మీకులు పోరాడుతున్న మాటా అంతే నిజం. శిక్ష మాత్రం జాతి మొత్తానికి పడింది. "ఉలూసి" అనే పేరుతో రెండు రోజులు సాగిన ఆ చర్యలో 93,000 మందికి పైగా జనాన్ని 46 రైళ్లలో ఎక్కించి అల్తాయ్, క్రస్నొయార్స్క్, ఓమ్స్క్, నోవొసిబిర్స్క్ ప్రాంతాలకు తరలించారు. కల్మీకు సైనికులను మరుసటి ఏడాది యుద్ధరంగం నుండి వెనక్కి పిలిపించి, చాలామందిని ఉరాల్ ప్రాంతంలోని షిరోకోవ్‌స్కీ శిబిరంలో జలవిద్యుత్ కేంద్రం పనికి పంపారు. ఎలిస్తాకు స్తెప్నోయ్ అని పేరు మార్చారు. 1939 జనగణనలో సోవియట్ యూనియన్‌లో 1,34,402 మంది కల్మీకులు ఉండగా, 1959లో 1,06,066 మంది మిగిలారు.

స్మారకం దగ్గర పూలు పెట్టడానికి వచ్చిన ఒక వృద్ధురాలిని మేనల్లుడు మర్యాదగా "బాబుష్కా", అంటే అవ్వా, అని పలకరించాడు. ఆమె పసితనంలోనే ఆ రైలెక్కింది. ప్రయాణం ఆమెకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా సైబీరియాలోని ఊరి బడి. బడిలో రష్యన్, వీధిలో రష్యన్, చివరకు తల్లి పొలంలో పనిచేసే చోటా రష్యనే. "ఇంట్లో మా అమ్మ కల్మీకులో అడిగేది, నేను రష్యన్‌లో జవాబిచ్చేదాన్ని. అలా అలవాటైపోయింది. తరువాత నా పిల్లలకు నేను ఏ భాషలో జోల పాడను?" అంది. 1957లో కుటుంబాలు తిరిగి రావడం మొదలైనప్పుడు ఇళ్లలో వేరేవారు కాపురమున్నారు. వచ్చినవారు మట్టితో కొత్త గుడిసెలు వేసుకున్నారు. గుడిసె స్థానంలో ఇల్లు వచ్చింది, ఇంటి పక్కన ఆలయం వచ్చింది, ఆలయం పక్కన విశ్వవిద్యాలయం వచ్చింది. ఆమె చెప్పిన జోలపాట మాత్రం రాలేదు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఇదే: డబ్బుతో, పట్టుదలతో కట్టగలిగినవన్నీ కల్మీకులు ఒక తరంలో తిరిగి కట్టుకున్నారు, పదమూడేళ్ల ప్రవాసంలో తల్లికీ బిడ్డకూ మధ్య తెగిపోయిన మాటను కలపడానికి అరవై ఏళ్లకు పైగా తంటాలు పడుతూనే ఉన్నారు.

మంగళవారం, చదరంగ నగరం, ఒక తరగతి గది

ఎలిస్తా తూర్పు వైపున, 1998 చదరంగ ఒలింపియాడ్ కోసం కట్టిన ప్రత్యేక కాలనీ ఉంది. 1993 నుండి 2010 వరకు రిపబ్లిక్‌ను ఏలిన కిర్సన్ ఇల్యుమ్జినోవ్, 1995 నుండి అంతర్జాతీయ చదరంగ సమాఖ్యకు కూడా అధ్యక్షుడు. 2006లో క్రామ్నిక్, తొపలోవ్‌ల ప్రపంచ టైటిల్ పోరు జరిగినది ఇక్కడే. మనకు సంబంధించిన సంగతి మరొకటి ఉంది: 2004 మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఈ ఊరిలోనే జరిగింది, గుడివాడ అమ్మాయి కోనేరు హంపి అందులో సెమీఫైనల్ వరకు వచ్చి, కొవలెవ్‌స్కయా చేతిలో ఓడింది. ఇప్పుడు ఆ వీధులలో జనసంచారం తక్కువ. పేద రిపబ్లిక్ ఇంత ఖర్చు భరించవలసిందా అనే ప్రశ్న ఆనాడే లేచింది. ప్రాంతీయ పాలకుల అవినీతి గురించి రాసిన పత్రికా సంపాదకురాలు లారిసా యూదినా, ఒలింపియాడ్ కొన్ని నెలలు ఉందనగా, 1998 జూన్‌లో హత్యకు గురయ్యారు. అద్దాల గోపురం అందంగానే ఉంది గాని, ఈ సంగతి తెలిసిన తరువాత అక్కడ ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఒక బడిలో కల్మీకు భాషా తరగతి చూడడానికి అనుమతి దొరికింది. పిల్లలు రంగుల పేర్లు, పశువుల పేర్లు ఉత్సాహంగా చెప్పారు. వయసును బట్టి, రంగును బట్టి గుర్రాలకు, ఒంటెలకు ఈ భాషలో ఉన్న పేర్లు లెక్కకు మిక్కిలి. గంట కొట్టగానే వసారాలో వినిపించినది రష్యనే. 2018లో వచ్చిన చట్టం ప్రకారం మాతృభాషల చదువు తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు. 2010 జనగణనలో 1,83,000 మందికి పైగా కల్మీకులు ఉండగా, భాష వచ్చునని చెప్పినవారు 80,500 మంది మాత్రమే. ఉపాధ్యాయురాలు నిష్ఠురమాడలేదు, "పిల్లలకు పదాలు వచ్చు, వాటిని ఎవరితో మాట్లాడాలో తెలియదు" అని మాత్రం అన్నారు.

తరగతి గోడమీద జాయా పండితుని చిత్రం ఉంది. ఆయన 1648లో ఓయిరాతుల ఉచ్చారణకు అనువుగా "తోదో బిచిగ్" అనే లిపిని రూపొందించిన భిక్షువు. 1920లలో ఇక్కడ దానిని తీసివేసి రష్యన్ రాసే సిరిలిక్ లిపి పెట్టారు, ఆపై లాటిన్, 1938లో మళ్లీ సిరిలిక్. అంటే ఒకే మనిషి తన జీవితకాలంలో అనేకసార్లు నిరక్షరాస్యుడు కావలసి వచ్చింది. చైనాలోని షింజియాంగ్ ఓయిరాతులు మాత్రం తోదో లిపిలో ఇప్పటికీ రాస్తారు.

ఆ షింజియాంగ్ తొర్గూతులు ఎవరంటే, తిరిగి వెళ్లిపోయినవారు. రష్యా అధికారుల జోక్యం, పచ్చిక బయళ్లలో పెరిగిన కొత్త వలస గ్రామాలు, యుద్ధాలకు అదేపనిగా మనుషులను పంపమనే ఒత్తిడి భరించలేక, 1771 జనవరిలో ఉబాషి ఖాన్ సుమారు 1,70,000 మందితో జుంగారియాకు బయలుదేరాడు. చలి, ఆకలి, కజాఖుల దాడుల మధ్య సాగిన ఆ ప్రయాణం చివర గమ్యం చేరినవారు 70,000 మంది మాత్రమే. వోల్గాకు పడమటి ఒడ్డున ఉన్నవారు కదలలేదు. ఆ ఏడు నది సరిగా గడ్డకట్టకపోవడం వల్ల దాటలేకపోయారని చెబుతారు. యెకతెరీనా రాణి అదే ఏడాది కల్మీకు ఖాన్ రాజ్యాన్ని రద్దు చేసింది. ఈనాటి కల్మీకులు అలా ఆగిపోయినవారి సంతానం.

బుధవారం, ఒంటరి పాప్లర్, కాపరి ఇల్లు

ఖర్ బులుక్ గ్రామం దగ్గర, ఎర్గెని మెట్టల మీద, కనుచూపుమేర మరో చెట్టు లేని చోట ఒక పాప్లర్ వృక్షం ఉంది. పుర్దాష్ బగ్షి అనే భిక్షువు 1846లో దానిని నాటాడని, గింజలను టిబెట్ నుండి తన చేతికర్ర తొర్రలో దాచి తెచ్చాడని ఇక్కడి కథ. చుట్టూ రంగురంగుల ప్రార్థనా వస్త్రాలు కట్టి ఉన్నాయి. దిగువన ఊటనీటిని జనం సీసాలలో పట్టుకుంటున్నారు. ఆ నీటికి ఆదరణ ఎందుకో అర్థం చేసుకోవడానికి భక్తి ఒక్కటే చాలదు. కల్మీకియాలో తాగునీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. మంచినీటి కొరత ఇక్కడ ప్రతి ఎన్నికలో వినిపించే మాట.

దారి పక్కన తులిప్ పూలు ఎరుపు, పసుపు, తెలుపు రంగులలో మైదానమంతా పరుచుకున్నాయి. ఇవి ఎవరూ నాటినవి కావు. తోటలలో మనం చూసే తులిప్‌లకు ఇవి పూర్వీకులు. కోయడం నేరం. రెండు వారాలు దాటితే చూద్దామన్నా ఉండవు.

డ్రైవరుగారి బంధువు ఒకాయన గొర్రెలు, కల్మీకు ఆవులు పెంచుతారు. ఎర్రటి ఒళ్లు, తెల్లటి ముఖం ఉన్న ఈ ఆవులు జుంగారియా నుండి పూర్వీకులతో నడిచి వచ్చిన జాతి. మంచుకాలంలో కూడా గడ్డిని కాళ్లతో తవ్వుకుని తింటాయి. ఫెల్టు గుడారాలలో ఇప్పుడు ఎవరూ కాపురముండరు, పండుగలకు వేస్తారు అంతే. ఆయనది రేకుల కప్పు ఉన్న ఇటుకల ఇల్లు, పక్కన దొడ్డి, ఒక సౌర ఫలకం. కొడుకు మాస్కోలో భవన నిర్మాణంలో పనిచేస్తున్నాడు. చుట్టుపక్కల దొడ్లలో చాలావాటిని పొరుగున ఉన్న దాగెస్తాన్ నుండి వచ్చిన దార్గిన్ జాతివారు నడుపుతున్నారని, వారు కష్టజీవులని, తమవాళ్ల పిల్లలకు ఈ పని పట్టడం లేదని ఆయన ఈర్ష్య లేకుండా చెప్పారు.

ఇంటావిడ జొంబా, అంటే ఆ ఉప్పు టీ, కాచింది. అచ్చుగా ఒత్తిన ఆకుపచ్చ టీని నీళ్లలో సేపటిదాకా మరిగించి, పాలు పోసి, గరిటెతో పదేపదే ఎత్తి పోస్తూ కలిపి, ఉప్పు, వెన్న, కాస్త జాజికాయ పొడి వేస్తారు. తొలి కప్పును ఎవరూ తాగరు. దాన్ని "దేజ్" అని బుద్ధుని పటం ముందు పెడతారు. టీతో బొర్త్సొగ్‌లు ఇచ్చారు. పిండిని రకరకాల ఆకారాలలో మలచి కొవ్వులో వేయించినవి. ఉంగరం ఆకారంలో ఉన్నవి చూస్తే మన చెగోడీలే గుర్తుకొచ్చాయి. మేనల్లుడు రెండో కప్పు తరువాత చేతులెత్తేశాడు. నేను మూడవది కూడా తాగాను, అది టీ అనుకోకుండా చారు అనుకుంటే ఎంతో బాగుంటుంది.

భోజనం తరువాత ఆ కాపరి కల్మీకుల వీరగాథ అయిన జంగర్ కావ్యంలోని కొన్ని పాదాలు వినిపించారు. బుంబా అనే దేశంలో చావు లేదు, అందరూ ఎప్పటికీ ఇరవై ఐదేళ్ల వయసులోనే ఉంటారు, చలికాలం రాదు. ఈ కావ్యంలోని పది గీతాలను 1908లో ఈలియన్ ఓవ్లా అనే గాయకుని నోట విని నొమ్తొ ఓచిరోవ్ రాసుకున్నాడు. కాపరికి పాదాలు కంఠతా వచ్చు. కొన్ని పాత మాటలకు అర్థం అడిగితే తన తండ్రికి తెలిసేదని అన్నారు.

గురువారం, నల్లనేలల మీదుగా

యష్కూల్ దాటి తూర్పుకు పోతే నేల ఇసుకగా మారుతుంది. చలికాలంలో మంచు నిలవక నేల నల్లగా కనబడుతుంది కనుక ఈ ప్రాంతాన్ని నల్లనేలలు అంటారు. పూర్వం ఇది చలికాలపు పచ్చిక బయలు. వేసవిలో మందలను ఇటు రానిచ్చేవారు కారు. సోవియట్ కాలంలో ఏడాది పొడవునా ఉన్ని గొర్రెలను నేల మోయగలిగిన దానికంటే చాలా ఎక్కువగా మేపి, కొంతభాగం దున్ని, 1980ల నాటికి ఐరోపాలో మనుషులు తయారుచేసిన తొలి ఎడారి అనిపించుకునే స్థితికి తెచ్చారు. సమష్టి క్షేత్రాలు కూలిపోయి గొర్రెల సంఖ్య పడిపోయాక గడ్డి కొంత తిరిగి వచ్చింది.

1990లో ఏర్పాటుచేసిన అభయారణ్యంలో సైగా జింకలు ఉంటాయి. వేలాడే ముక్కు ఉన్న ఈ వింత జంతువు కొమ్ములకు చైనా వైద్యంలో గిరాకీ. వేట వల్ల మగవి తరిగిపోయి మంద కొన్ని వేలకు దిగజారింది. ఇటీవలి ఏళ్లలో అది బాగా పుంజుకోవడం వల్ల, ఇప్పుడు పంటలు పాడుచేస్తున్నాయని పొరుగు రైతుల ఫిర్యాదు. మాకు దూరంగా ఒక గుంపు లేపిన దుమ్ము మాత్రం కనబడింది. సాయంత్రానికి పొరుగు ప్రాంతపు నగరం ఆస్ట్రఖాన్ చేరాము.

శుక్రవారం, ఖొషూత్ ఖురూల్

ఆస్ట్రఖాన్‌కు ఉత్తరాన, వోల్గా ఎడమ ఒడ్డున రెచ్నొయె గ్రామంలో ఉన్న ఖురూల్, అంటే బౌద్ధ ఆలయం, విప్లవానికి ముందు ఇటుకతో కట్టిన కల్మీకు ఆలయాలలో నేటికీ నిలిచి ఉన్న ఒకే ఒకటి. నెపోలియన్‌పై యుద్ధంలో రెండవ కల్మీకు దళాన్ని నడిపి, 1814లో తన గుర్రపు రౌతులతో పారిస్‌లో అడుగుపెట్టిన సెరెబ్‌జబ్ త్యుమెన్ రాజు, ఆ విజయానికి గుర్తుగా దీనిని కట్టించాడు. పీటర్స్‌బర్గ్‌లోని కజాన్ చర్చిని పోలినట్టు ఇరువైపులా అర్ధచంద్రాకారపు స్తంభాల వసారాలు, మధ్యలో టిబెట్ రీతి గోపురం ఉండేవి. సోవియట్ కాలంలో దీనిని గోదాముగా, ఇంకా ఏవేవో పనులకు వాడారు. వసారాలను పడగొట్టి ఇటుకలు తీసుకుపోయారు. గోపురం మిగిలింది, దానికి మరమ్మతులు జరుగుతున్నాయి.

1957లో కల్మీకుల స్వయంపాలన తిరిగి ఏర్పడినప్పుడు, వోల్గా వైపు ఉన్న రెండు పాత జిల్లాలు దానికి తిరిగి రాలేదు. అవి ఆస్ట్రఖాన్ కిందనే ఉండిపోయాయి. ఈ ఖురూల్ కూడా పొరుగు ప్రాంతంలోనే ఉంది కనుక, ఎలిస్తా బడుల వారు పిల్లలను బస్సులలో ఇంతదూరం తీసుకువస్తారు. మేము వెళ్లేసరికి అటువంటి బస్సు ఒకటి వచ్చి ఉంది. ఆలయాన్ని చూసుకునే పెద్దాయన పిల్లలను గోపురం నీడన నిలబెట్టి, పారిస్ వెళ్లిన గుర్రాల గురించి, ఒంటెల గురించి కల్మీకులో చెప్పడం మొదలుపెట్టారు. నాలుగు వాక్యాల తరువాత ఉపాధ్యాయిని దగ్గరికి వెళ్లి ఆయన చెవిలో ఏదో అంది. ఆయన తల ఊపి, కథను మళ్లీ మొదటి నుండి రష్యన్‌లో చెప్పారు.